రూము చెప్పిన గ్రూపు

సౌదీలో, దమ్మాం ఊరవతల ఒక కంపెనీ క్యాంపు ఉంది. క్యాంపులో ఒక రూము, రూములో ఎనిమిది మంచాలు, కిందొకటి మీదొకటి. ఆ మంచాల మీద పడుకునే వాళ్లంతా మన పెద్దపల్లి, చెన్నూరు, జగిత్యాల దిక్కు వాళ్లే. పొద్దంతా ఎండలో ఇనుము మోసి వచ్చి, వంతులవారీగా వండుకు తిని, అక్కడ కూర్చుని ఇక్కడి ఎనిమిది ఇళ్లను నడుపుతారు. ఏ ఇంటికి ఎప్పుడు స్లాబు వేయాలి, ఎవరి పొలంలో బోరు ఎక్కడ దించాలి, ఎవరి తమ్ముడికి ఏ ఊరి పిల్లను చూడాలి, అన్నీ రూములోనే తేలతాయి. ఊరి పంచాయతీలోనైనా నలుగురు అడ్డం మాట్లాడతారు గానీ రూము మాటకు అడ్డు లేదు. ఒకడు ఇంటికి ఫోన్ చేస్తే మిగతా ఏడుగురూ వింటారు. వినడమేనా, మధ్యలో అందుకుంటారు కూడా. చాటుగా మాట్లాడుకునే చోటు లేదక్కడ, పాపం. పాపం అని మనం అనొచ్చు గానీ, ఆ మాట అనసూర్య ముందు మాత్రం అనకండి. చీపురు తిరగేస్తుంది.

అనసూర్య పెనిమిటి రాంచందర్ పదకొండేళ్లుగా ఆ రూములోనే ఉంటున్నాడు. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద వస్తాడు. ఆమె పెద్దపల్లికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. చదివింది ఏడో తరగతి. ఒక్కతే కూతురు, సృజన. ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది.

సృజనకు లెక్కల పిచ్చి. మార్కుల పిచ్చి కాదది, అసలైన పిచ్చి. బడిలో పద్మలత మేడం త్రికోణమితి మొదలుపెట్టిన వారానికే ఈ పిల్ల కోణమానినికి ఒక స్ట్రా అంటించి, తల్లి బీడీలు కట్టే దారానికి రాయి వేలాడదీసి, ఊరి చివర సెల్ టవర్ ఎత్తు కొలిచింది. టేపు రెండో కొస పట్టుకుని ఎండలో నిలబడింది అనసూర్యే. కాగితం మీద లెక్క వేసి, "ముప్పై ఎనిమిదిన్నర మీటర్లు అవ్వా" అంది పిల్ల తల్లితో. టవర్‌కు డీజిల్ పోయడానికి వచ్చే మనిషిని అడిగితే నలభై అన్నాడు. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందా అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు బోళ్లు తోముతూ తోముతూ ఆగిపోయి, నేల నుంచి తన కంటి దాకా ఉన్న ఎత్తు కలపడం మరిచిపోయానని తేల్చుకుంది. ఆ బూడిద చేతులతోనే ఇంట్లోకి ఉరికి లెక్క సరిచేసింది. అనసూర్యకు ఆ లెక్క ముక్క అర్థం కాలేదు. పిల్ల ముఖం మాత్రం బాగా అర్థమైంది.

పద్మలత మేడం ముందే చెప్పింది. సర్కారు గురుకుల కాలేజీలో సీటు వస్తే తిండీ చదువూ అన్నీ అక్కడే, మంచి సార్లుంటారు, దానికి పరీక్ష రాయాలి అని. ఆ పరీక్షలో ఒక మెలిక ఉంది. దరఖాస్తులోనే గ్రూపు రాయాలి. ఎంపీసీ అని రాస్తే లెక్కల పేపరు, బైపీసీ అని రాస్తే లెక్కల బదులు జీవశాస్త్రం. ఏది రాస్తే ఆ సీటుకే పోటీ. సృజన నాలుగు నెలలుగా బడి అయిపోయాక మేడం దగ్గర కూర్చుని లెక్కలు, భౌతికశాస్త్రం రుబ్బుతూనే ఉంది. అనసూర్య కూడా ఒక శుక్రవారం పెనిమిటికి ఫోన్‌లో చెప్పింది, బిడ్డ ఎంపీసీ అంటుందని. ఉల్లిగడ్డలు కోస్తూ ఉన్న రాంచందర్ "సరే తియ్" అన్నాడు. ఆ సరేను ఈ పిచ్చిది నిజంగానే సరే అనుకుంది.

దరఖాస్తుకు ఆఖరి రోజు గురువారం. తల్లీకూతుళ్లు పెద్దపల్లి వెళ్దామని కాగితాలు సర్దుకుంటుంటే మరిది సదానందం ఆటో వాకిట్లో ఆపాడు. ఊరికీ పెద్దపల్లికీ ఆటో నడుపుతాడు. అన్న ఇంటి కాగితం పని ఏదున్నా అతనే చూస్తాడు.

"గింత ఎండల మీరెందుకు వదినా. నేనెట్లైన పోతున్న. ఇంటర్నెట్ కాడ నింపిచ్చుకొస్త" అన్నాడు.

సృజన ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో ఎంపీసీ అని రాసి, కింద రెండు గీతలు గీసి చేతికిచ్చింది. "కాకా, గిదొక్కటి మర్చిపోకు" అంది. అతను చీటీ మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోన్ మోగింది. అనసూర్య బీడీలకు తునికాకు కత్తిరిస్తూ ఉంది.

"వదినా, నీ ఫోనుకు ఓటీపీ వచ్చింది చూడు. ఆరంకెలు. జర చెప్పు."

పిల్ల ఆధార్‌కు ఆమె నంబరే ఎక్కించి ఉంది మరి. ఆమె కత్తెర పక్కన పెట్టి, కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కో అంకే వేలు పెట్టి చదివింది. నాలుగు, సున్న, ఏడు, ఏడు, రెండు, తొమ్మిది. తప్పు పోలేదు. ఇంగ్లీషు మెసేజీలోంచి ఆరంకెలు ఏరి చెప్పినందుకు కాస్త గర్వపడింది కూడా. సృజన పక్కింట్లో ఉంది. పిలిచి ఒక్కసారి చూపిద్దామన్న ఆలోచనే రాలేదు.

సాయంత్రం ఐదింటికి సదానందం కాగితం తెచ్చిచ్చాడు. సృజన నిలబడే చదివింది. చదివాక ఇంకోసారి చదివింది.

"కాకా, చీటీల ఏం రాసిచ్చిన?"

"ఎంపీసీ అని."

"గిండ్ల ఏముంది?"

సదానందం తల గోక్కున్నాడు. "బైపీసీ. అన్న ఫోన్ చేసిండు బిడ్డా. నేను ఇంటర్నెట్ కాడ ఉండంగనే చేసిండు. రూముల అందరు అనుకున్నరట, ఆడపిల్లకు బైపీసీ మంచిదని, నర్సు కోర్సుకు పోవచ్చని. మీ బాపు చెప్తే నేను కాదంటనా?"

పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. కాగితం మడతలు పోకుండా గూట్లో పెట్టి, గడప మీద కూర్చుండిపోయింది. అనసూర్య ఒళ్లు భగ్గుమంది. ఆఖరి రోజున, చెప్పా పెట్టకుండా, ఇంట్లో మనుషులుండగా సముద్రాలవతల నుంచి గ్రూపు మార్చేస్తారా? చీటీ రాసిచ్చిన పిల్లకు ఒక్క ఫోన్ చేసే తీరిక లేదా ఆ తండ్రికి?

"నడువు, ఆటో తియ్" అంది మరిదితో.

"గిప్పుడేడికి వదినా?"

"నువ్వు నింపిన కాడికే."

ఇంటర్నెట్ సెంటర్ నడిపే అరుణ్‌కుమార్ మంచివాడే. మూసే వేళైనా కంప్యూటర్ మళ్లీ పెట్టి చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఒక ఆధార్‌కు ఒకటే దరఖాస్తు అమ్మా. పంపినంక గ్రూపు మారదు. గీడ కిందనే రాసుంది."

"మేం ఒప్పుకోలే గదా సార్. మమ్ములను అడగకుంటనే పెట్టిండు."

"ఓటీపీ చెప్పిండ్రు గదా. అది చెప్పిన్రంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఎవలు చెప్పిండ్రు?"

అనసూర్యకు తల కొట్టేసినట్టయింది. సదానందం గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు. సృజన మాత్రం తల్లినే చూస్తోంది. అరుణ్‌కుమార్ ఏదో తప్పు మాట్లాడానని తెలిసి కంప్యూటర్ ఆపేశాడు.

ఆటో తిరిగి ఊరి దారి పట్టింది. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా సృజన నోరు తెరిచింది.

"నన్నొక మాట అడిగి చెప్పొద్దా అవ్వా."

అంతే అంది. అనసూర్య తెచ్చుకోగలిగిన సమాధానాలన్నీ తెచ్చుకుంది. నాకేం తెలుసు, మీ కాక అడిగిండు, నేనేమన్న సదువుకున్నదాన్నా. అవన్నీ నిజమే. ఆరంకెలు అంత చక్కగా ఏరి చెప్పినదానికి, ఎందుకు అని అడగడం రాలేదా? తన మీద తనకు వచ్చిన కోపం ఆమెకు ముందు ఎప్పుడూ అంత చేదుగా తగల్లేదు.

మరుసటి రోజు శుక్రవారం. సౌదీలో సెలవు. ఇక్కడ నాలుగున్నరకు వీడియో ఫోన్ వచ్చింది. తెర మీద రాంచందర్ ముఖం, వెనక మంచాల మీద కాళ్లు, ఆరేసిన బనీన్లు.

"అన్నం తిన్నరా?" అన్నాడు రాంచందర్ రోజూలాగే.

"స్పీకర్ పెట్టు" అంది అనసూర్య.

"ఏంది?"

"నేను మాట్లాడేది ఎట్లైన అందరు ఇంటనే ఉంటరు గదా. ఇయ్యాల మంచిగ ఇనుమను. స్పీకర్ పెట్టు."

పదకొండేళ్లలో ఆమె ఇలా మాట్లాడింది లేదు. వెనకాల ఎవరైనా కనబడితే కొంగు సర్దుకుని, ఉంట మరి అని పెట్టేసేది. ఉల్లిగడ్డలు కోసేవాళ్లు కోయడం ఆపారు. రూముకు పెద్దమనిషి పర్శరాములు, చెన్నూరాయన, ఇరవై ఏళ్ల నుంచి గల్ఫ్‌లో ఉన్నవాడు, తెరలోకి వంగాడు.

"ఏమైందే చెల్లె. జర నిమ్మళంగ చెప్పు."

"పర్శరాములన్నా, నా బిడ్డ బైపీసీ సదవాలని నువ్వే అన్నవట."

"నేనొక్కన్నే ఏంది, అందరం అనుకున్నం. ఆడపిల్ల, నర్సయితే నౌకరీకి ఫికర్ ఉండదు. గీడ దవాఖానల్ల చూస్తలేమా. లెక్కలు సదివి ఏం జేస్తదే?"

"నా బిడ్డ పేరేందన్నా?"

పర్శరాములు ముఖం ఒక్కసారి అటు ఇటు తిరిగింది. పక్కవాళ్లెవరైనా అందిస్తారేమోనని చూశాడు కాబోలు.

"గదేంది, తెల్వదా నాకు. సుజాత గదా."

"సృజన. పేరు తెల్వది గని గ్రూపు తెలిసింది నీకు."

రూములో ఎవరో దగ్గారు. రాంచందర్ ఫోన్ తన వైపు తిప్పుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"గట్ల మాట్లాడుతరా పెద్దమనిషితోని? ఆయన మీద పడితే ఏమొస్తది? నాకే అనిపించింది. పోయినేడు నాకు కడుపుల రాళ్లు లేసి దవాఖానల పడితే, కేరళ పిల్ల ఒకామె నర్సు, రాత్రంత నా మంచం కాడనే ఉన్నది. నీళ్లు తాగిపిచ్చింది. మాట రాకున్నా చెయ్యి పట్టుకొని కూసున్నది. గప్పుడే అనుకున్న, నా బిడ్డ గిట్లయితే ఎంత బాగుంటదని. తప్పా?"

అనసూర్య ఆ సంగతి వినడం అదే మొదటిసారి. కడుపునొప్పి వచ్చిందన్నాడు గానీ దవాఖానలో పడ్డానని ఎప్పుడూ చెప్పలేదు. రూములో ఏడుగురికీ తెలుసు, కట్టుకున్న ఆమెకు మాత్రం తెలియదు. గుండెలో కలుక్కుమంది. ఆ కలుక్కుమన్న చోటే కోపం ఇంకా ఎక్కువగా మండింది.

"ఆ పిల్ల కడుపు సల్లగుండ. మంచిదే. గని ఆమె నర్సు గావాలని అనుకొని అయిందా, లేకుంటే మీ అసుంటి రూమొకటి కూసోని అనుకుంటే అయిందా? అడిగినవా ఆమెను?"

"నేను గీడ ఎవలి కోసం చస్తున్న?"

"మా కోసమే. నేను కాదన్ననా? నువ్వు గాడ కష్టపడ్తనే ఉన్నవ్, గీడ నేను బీడీలు చుడ్తనే ఉన్న. గని దానికేం గావాల్నో నీకు గాడికెంచి ఎట్ల తెలుస్తది? అడగాలె గదా. పదకొండేండ్లల ఒక్కనాడన్న, బిడ్డా నువ్వేం సదువుతవ్ అని అడిగినవా? మార్కులెన్ని అని అడిగినవ్. ఫోన్ ఎక్కువ చూస్తుందా అని అడిగినవ్. గిది అడగలే."

"వదిన అన్నది కరెక్టే అన్నా" అని మీది మంచం నుంచి ఒక గొంతు వచ్చింది. రూములో అందరికంటే చిన్నవాడు లక్ష్మణ్. "నువ్వు ఊకో" అని ఎవరో గద్దించారు. ఊరుకున్నాడు.

రాంచందర్ మెడ మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుని, "బిడ్డకియ్యి ఫోను" అన్నాడు.

సృజన తలుపు పక్కనే నిలబడి అంతా వింటోంది. తల్లి ఫోన్ చాచితే తీసుకోలేదు. తెర తనకు కనబడేంత దగ్గరికి మాత్రం వచ్చింది.

"ఏం సదువుతవ్ బిడ్డా?" అన్నాడు రాంచందర్. గొంతు మెత్తగా వచ్చింది.

"నిన్న అడగాలె బాపూ. నిన్నటితోని అయిపోయింది."

లోపలికి వెళ్లిపోయింది. రాంచందర్ ఇంకా ఏదో అనబోయాడు. అనసూర్య వినలేదు. ఫోన్ పెట్టేసి చాట ముందేసుకుంది. తీసిన ఆకు చిరిగిపోయింది. ఇంకోటి తీసింది, అదీ చిరిగింది. చాట పక్కకు నెట్టేసింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయని అడగకండి. పద్మలత మేడం ఇంటికే వచ్చింది. విషయం విని నెత్తి పట్టుకుంది. ఇంత తెలివైన పిల్లను ఇట్లా చేస్తారా అని అనసూర్యనే కోప్పడింది. కోప్పడి, తనే చల్లారి, సర్కారు జూనియర్ కాలేజీలో పరీక్ష లేకుండానే ఎంపీసీ ఇస్తారని, అక్కడ చేర్పించమని, ఆదివారాలు తన దగ్గరికి పంపమని చెప్పింది. గురుకులమైతే సార్లు పొద్దున్నా సాయంత్రం వెంట ఉండి చెప్పేవాళ్లు. ఇప్పుడు రోజూ పోనూ రానూ ఇరవై నాలుగు కిలోమీటర్లు, బస్సు వస్తే వచ్చినట్టు. ఇంటికొచ్చి చీకట్లో చదువుకోవాలి. ఆ తేడా ఎంతో సృజనకు అందరికంటే బాగా తెలుసు.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష రోజు పొద్దున్నే సదానందం తలస్నానం చేసి, ఆటో కడిగి వాకిట్లోకి తెచ్చాడు. పాపం కడుక్కోవాలనుకున్నాడేమో.

"పోదాం పా బిడ్డా. నీకు ఏది రాసినా వస్తది. సీటు వస్తే అన్న ఖుషీ అయితడు."

సృజన లెక్కల పుస్తకం లోంచి తల ఎత్తలేదు. అతను వదిన వైపు చూశాడు.

"పోదు" అంది అనసూర్య.

"వదినా, సీటు ఖరాబు జేసుకుంటరా?"

"సీటు ఖరాబైంది నువ్వు చీటీ జేబుల పెట్టుకున్ననాడే. ఆటోకు గిరాకి చూసుకో పో."

పదకొండు గంటల దాకా అతను ఆటోలోనే కూర్చున్నాడు. తర్వాత వెళ్లిపోయాడు. ఆ నెలంతా వదిన వాకిలి తొక్కలేదు. రాంచందర్ శుక్రవారాలు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అన్నం తిన్నారా అంటాడు, ఎండలెట్లా ఉన్నాయంటాడు, బిడ్డ ఏం చేస్తుందంటాడు. చదువుకుంటుంది అని ఈమె అంటుంది. ఏం చదువుకుంటుందని మాత్రం అతను అడగడు. అడిగే మొహం లేక కాబోలు. ఒక శుక్రవారం ఫోన్ చేసినప్పుడు మాత్రం రూములో కాకుండా మెట్ల మీద కూర్చుని మాట్లాడాడు, చుట్టూ ఎవరూ లేకుండా. ఆమెకు అది తెలిసింది. అయినా మెత్తబడలేదు.

పది ఫలితాలొచ్చాయి. జూన్ మొదటి వారంలో తల్లీకూతుళ్లు బస్సెక్కి పెద్దపల్లి వెళ్లారు. ఈసారి కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వలేదు. అనసూర్య సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. కాలేజీ ఆఫీసు ముందు వరుస ఉంది. వరుసలో చాలామంది తండ్రులే. పిల్లలు వెనక నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. అనసూర్య వాళ్లందరినీ కొరకొరా చూసింది. ఈ మగాళ్లంతా పిల్లలను అడిగే వచ్చారా అని కడిగేయాలనిపించింది.

వాళ్ల వంతు వచ్చింది. బల్ల వెనక రాయమల్లు అనే పెద్దాయన, దారం కట్టిన కళ్లద్దాలతో కూర్చుని దరఖాస్తులు నింపుతున్నాడు. మెమో తీసుకుని చూశాడు. లెక్కల మార్కుల దగ్గర వేలు ఆగింది. తల ఎత్తి సృజనను చూసి, "మంచిగనే సదివినవ్. ఏ గ్రూపు బిడ్డా?" అన్నాడు.

"ఎంపీసీ సార్" అంది అనసూర్య. వరుసంతా వినేలా అంది. రెండు నెలలుగా గొంతులో పట్టి ఉంచిన మాట అది. "మంచిగ చూసి రాయుండ్రి. ఎంపీసీ."

సృజన తల తిప్పి చూసింది.

"సార్ నన్నడిగిండు అవ్వా."

గట్టిగా అనలేదు. వెనకున్న తండ్రులకు వినబడి కూడా ఉండదు. అనసూర్యకు మాత్రం చెంప మీద కొట్టినట్టు వినబడింది. సర్రున కోపం వచ్చింది. నీ కోసం పెనిమిటితో కొట్లాడలేదా, పెద్దమనిషిని నలుగురిలో కడగలేదా, మరిదిని వాకిట్లోంచి వెళ్లగొట్టలేదా, నీ మాటే కదా నేను చెప్పింది, ఇందులో తప్పేముందే? ఇవన్నీ నాలుక దాకా వచ్చాయి. పర్శరాములు కూడా పిల్ల మంచికే చెప్పాడు, పిల్లను అడక్కుండానే. అది గుర్తొచ్చి అన్నీ మింగేసింది.

రాయమల్లు కలం ఎత్తి పట్టుకుని తల్లినీ పిల్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు. అనసూర్య సంచి చంకలో పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"చెప్పు బిడ్డా, ఏ గ్రూపు?" అన్నాడాయన మళ్లీ.

సృజన వెంటనే చెప్పలేదు. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. అయినా తొందరపడలేదు, బల్ల మీది దరఖాస్తు ఒకసారి పైనుంచి కిందికి చదువుకుంది. చదువుకుని, తలెత్తి, ఎంపీసీ అని చెప్పింది. ఆ కాసేపూ అనసూర్య నోరు విప్పలేదు.